అత్తగారి గురువారాలు

మా ఇంట్లో బయటికి వెళ్ళేవాళ్ళని "ఎక్కడికి?" అని అడగకూడదు. అడిగితే వెళ్ళిన పని కాదని మా అత్తగారి నమ్మకం. మరీ తెలుసుకోవాలనిపిస్తే "దూరమా?" అనాలి. "ఆఁ, కాస్త దూరమే" అంటే అక్కడితో ఆగిపోవాలి. కాపరానికొచ్చిన కొత్తలో నాకిది చాదస్తంగా తోచింది. తర్వాత అందులోని సుఖం తెలిసింది. ఏ చీరల కొట్లో ఎంతసేపు కూర్చున్నానో ఈనాటివరకూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

నిరుడు అత్తగారికి వంటింట్లో కళ్ళు తిరిగాయి. పడలేదు, గట్టు పట్టుకుని నిలబడ్డారు. అయినా మా ఆయన హడలిపోయి, మర్నాడే ఆవిడ ఫోనులో లొకేషన్ షేరింగ్ పెట్టాడు. ఆవిడ ఎక్కడుంటే అక్కడ మా ఫోన్లలో ఒక చుక్క కనిపిస్తుంది. మంచిదేగా అన్నారు అత్తగారు. ఎంత దూరం పోయినా కనిపిస్తుందని ఆవిడకి తెలియదు, మేమూ చెప్పలేదు.

ఆడవాళ్ళకి బస్సు ఉచితమైనప్పటినుంచీ ఆవిడ ప్రతి గురువారం పొద్దున్నే ఆధార్ కార్డు పర్సులో పెట్టుకుని బయల్దేరేవారు. బాబా గుడికి అనుకునేవాళ్ళం. షేరింగ్ పెట్టిన వారం చూస్తే చుక్క బెంజి సర్కిల్ దాటింది, రామవరప్పాడు దాటింది, గన్నవరం చేరింది. మీ అమ్మగారు విమానం ఎక్కుతున్నట్టున్నారు అన్నాను. మా ఆయనకి నవ్వు రాలేదు. చుక్క హనుమాన్ జంక్షన్‌లో ఆగి, అక్కడే చాలాసేపు ఉండి, వెనక్కి తిరిగింది. ఆవిడ ఇంటికొచ్చి, చీర మార్చుకుని, చిక్కుడుకాయలు ముందేసుకున్నారు. అడిగే అలవాటు లేని ఇల్లు కదా, ఆయన అడగలేక వారమంతా ఊహించుకున్నాడు. ఎవరో స్వామీజీ పట్టుకున్నాడని ఒకరోజు, డాక్టరు ఏదో చెప్తే దాస్తోందని ఇంకోరోజు. వదిలెయ్యమన్నాను. వింటేగా.

మరుసటి గురువారం సెలవు పెట్టి కారు తీశాడు. ఒక్కణ్ణీ పంపడం ఇష్టంలేక నేనూ ఎక్కాను. జంక్షన్‌లో బస్టాండు దగ్గర హోటల్లో, రోడ్డువైపు బల్ల ముందు, అత్తగారు ఒక్కరే కూర్చుని ఉప్మా పెసరట్టు తింటున్నారు. వచ్చేపోయే బస్సుల్ని చూస్తూ, ఏ తొందరా లేకుండా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంటిల్లిపాదికీ అట్లు వేసి, ఆఖర్న చల్లారింది తిన్న మనిషి. ఆవిడ ముఖం అంత తేటగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. వెళ్ళిపోదాం రమ్మని ఆయన చొక్కా పట్టుకు లాగాను. అప్పటికే ఆయన వెళ్ళి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"అమ్మా, ఇంట్లో టిఫిన్ లేకనా?"

ఆవిడ మిగిలిన అట్టు ప్లేట్లోనే వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నారు.

ఎవరూ ఆవిడని పల్లెత్తు మాట అనలేదు. అదే వచ్చిన చిక్కు. మా ఆయన గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకుని, సంగతంతా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఆడపడుచులు నవ్వు బొమ్మలు పంపారు. పై గురువారం అందరం కలిసి కార్లో వెళ్దామన్నాడు, వెళ్ళాం కూడా. ఆవిడ సగం అట్టు తిని ఆకలి లేదన్నారు. ఆ తర్వాత ఏ గురువారమూ గడప దాటలేదు. మా ఆయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆయనకీ తెలిసొచ్చింది, కాకపోతే ఆలస్యంగా. ఒకరోజు ఆవిడ ఎదురుగానే ఫోను తీసుకుని ఆ షేరింగ్ తీసేశాడు. ఇక ఎవరం చూడమమ్మా, నీ ఇష్టమొచ్చినట్టు వెళ్ళిరా అన్నాడు.

అత్తగారికి కోపమేమీ లేదు.

"చూసేశారు కదరా. ఇంక అక్కడ నాకేముంది?" అన్నారు.