మొదట తట్టిన మాట

మా పెద్దసారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను బౌరంపేట్‌లో కట్టబోయే విల్లాలకు పేరు వెతుకుతున్నాను. పొద్దున్నే నడకకు వెళ్దామని చెప్పులు వేసుకుంటూ మేడ్చల్‌లో ఇంటి గడప దగ్గరే కూలబడ్డారట. ఆసుపత్రికి తీసుకెళ్లే టైం కూడా లేకపోయిందట. ఫోన్ పెట్టేసి, స్క్రీన్ మీద సగం కొట్టిన పేరు వంక చూస్తూ కూర్చున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదనిపించింది.

జీడిమెట్లలో మాదొక చిన్న కంపెనీ. పచ్చడి సీసా దగ్గర్నుంచి ఫ్లాట్ల దాకా ఎవరేం అమ్మినా దానికో పేరు పెట్టి, ప్యాకెట్ మీదో బోర్డు మీదో నాలుగు మాటలు రాసిపెడతాం. భీమవరం నుంచి వచ్చి చేరిన నాకు ఆ పని నేర్పింది ఆయనే. రిటైరయ్యాక కూడా శనివారం వస్తే చాలు, ఎవరూ పిలవకపోయినా వచ్చి కూర్చునేవారు.

పని మొదలెట్టే ముందు ఆయనకొక ఆట ఉండేది. "ఎస్కలేటర్ అంటే ఏంది? చెప్పుండ్రి" అనేవారు. కదిలే మెట్లు సార్, అనేవాళ్లం. "కాదు. ఒకప్పుడు అది ఒక కంపెనోళ్లు పెట్టుకున్న పేరు. జనం నోట్ల పడి మామూలు మాటైపోయింది." థర్మాసూ అంతే, జిరాక్సూ అంతే అని వరసపెట్టేవారు. డాల్డా ముట్టని ఇంట్లో కూడా డాల్డా డబ్బా ఉంటుందనీ, అందులో తులసి మొక్క ఉంటుందనీ నవ్వేవారు. పాత రేడియో ప్రకటనల పాటలన్నీ ఆయనకు నోటికొచ్చు. సబ్బు పాట ఎత్తుకున్నారంటే అకౌంట్స్ వాళ్లు కూడా లేచొచ్చి తలుపు దగ్గర నిలబడేవారు.

"ఇదంతా ఎందుకు సార్, పని చూద్దాం" అని విసుక్కునేదాన్ని.

"బుర్రల జమైన సామానంత ముందుగాల బయటికి రావాలె బిడ్డా. గప్పుడే కొత్తదానికి జాగా అయితది."

తర్వాత బోర్డు మీద పేర్లు రాయమనేవారు. మొదట తట్టింది రాయగానే లేచి అరచేత్తో తుడిచేసేవారు. డస్టర్ పక్కనే ఉన్నా ముట్టేవారు కాదు. "ఇది నీది కాదు, టీవీది. ఇంకోటి చెప్పు." ఒకసారి మామిడికాయ పచ్చడికి 'అమ్మ చేతి రుచి' అని రాశాను. "అమ్మ చెయ్యి, అవ్వ చెయ్యి, అత్త చెయ్యి... ఎవరిదో ఒకరి చెయ్యి పట్టుకోకుంటే పచ్చడి అమ్ముడువోదా?" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రం బస్సులో మాత్రం తలుచుకుని తలుచుకుని నవ్వుకున్నాను.

పేరు ఎంతకీ తెగకపోతే మమ్మల్ని అత్వెల్లి తీసుకుపోయేవారు. అక్కడ రోడ్డు పక్కన ఒకావిడ కిరాణా కొట్టు, దాని ముందే చాయ్ బండి నడుపుతుంది. అందరికీ చాయ్ అక్క. బల్ల మీద కూర్చుని, వచ్చినవాళ్లు సరుకు ఏమని అడుగుతున్నారో వినడమే మా పని. మేం బుర్ర బద్దలు కొట్టుకుని పెద్ద పేరు పెట్టిన బట్టల పౌడర్‌ను అక్కడ ఒక్కరంటే ఒక్కరు ఆ పేరుతో అడగలేదు. "గా నీలి ప్యాకెట్ ఇయ్యి" అన్నారు. సారు మా వైపు తిరిగి, "మనం అచ్చేసేది ఉత్త స్టిక్కర్. ఈడ అడిగేదే పేరు" అన్నారు.

ఇప్పుడు ఫోన్‌ను అడిగితే నిమిషంలో వంద పేర్లు పడేస్తుంది. ఇక ఆటలెందుకు, అత్వెల్లి ఎందుకు అన్నాడు మా ఓనరు. ఆ వంద పేర్లూ మొదట తట్టినవే. వాటిని చదివీ చదివీ కళ్లు గుంజేస్తాయి. ఆఖరి శనివారం సారు నా బల్ల దగ్గరికొచ్చి, "అలసిపోయినవా బిడ్డా?" అని అడిగారు. అవును సార్ అన్నాను. "నేను గూడ. చాయ్ తాగొద్దాం పా."

సారు పోయిన మూడో రోజున వాళ్లావిడ నన్ను పిలిపించారు. "పదో దినానికి గోడకు ఫ్లెక్సీ కట్టాలె. ఫొటో కింద ఒక మాట నువ్వే రాయి బిడ్డా. ఎవరిదో తెచ్చి పెడితే ఆయన ఊకుంటడా?"

ఫ్లెక్సీ షాపతను కంప్యూటర్ తెరిచి, "అశ్రునివాళి ఉన్నది, తీరని లోటు ఉన్నది, ఏది పెట్టాలె మేడం? జల్దీ చెప్పుండ్రి" అన్నాడు. రేపు చెప్తానని వచ్చేశాను. ఇంట్లో కాగితం ముందు కూర్చుంటే అవే వచ్చాయి, మీ బాటలో నడుస్తాం, మా గుండెల్లో బతికే ఉన్నారు. రాసినవన్నీ కొట్టేశాను. ఊరందరి సరుక్కీ మాటలు రాసిపెట్టేదాన్ని, పని నేర్పిన మనిషికి ఒక్క సొంత మాట రాయలేకపోతున్నానే అని భయమేసింది. ఆయన ఫొటో కింద టీవీ మాట కడితే ఇన్నేళ్లు ఏం నేర్చుకున్నట్టు?

చివరికి కాగితం పక్కన పడేసి అత్వెల్లి పోయాను. బల్ల మీద కూర్చున్నాను. చాయ్ అక్క నా వెనకాల రోడ్డు వైపు చూసి, "సారు ఇయ్యాల రాలే?" అంది.

చెప్పాను. చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. పాలు పొంగిపోతున్నా లేవలేదు. నేనే వెళ్లి స్టవ్ కట్టేశాను. అప్పుడొచ్చింది ఏడుపు, ఆ పాలగిన్నె ముందు.

అక్కణ్నుంచే షాపుకు ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. "గింతేనా మేడం? పైన కింద ఏం వద్దా?" అన్నాడతను. వద్దన్నాను.

పదో రోజు ఫ్లెక్సీ గోడకెక్కింది. సారు ఫొటో, కింద ఒకే వరస: సారు ఇయ్యాల రాలే. వచ్చిన బంధువులు చదివి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇదేం మాట అని ఎవరో గొణిగారు కూడా. వాళ్లావిడ లోపల్నుంచి మెల్లగా నడిచొచ్చి, చాలాసేపు చదివారు. ఆయన బోర్డు తుడిచేటప్పటిలాగే అరచెయ్యి ఎత్తారు.

ఆ చెయ్యి ఫొటో మీద పడ్డ రోడ్డు దుమ్మును తుడిచింది. అక్షరాల దాకా వచ్చి ఆగింది.

"ఉండనియ్యి బిడ్డా" అన్నారు.