హౌజు అడుగున ఎర్ర పురుగులు

తొంభైల చివర్లో బాన్సువాడ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ముక్కుమీద కోపం, ఎవరు దొరికితే వాళ్లకు పాఠం. కాలువ దగ్గరి వీధిలో ఒక అవ్వ ఇంట్లో వెనక గది కిరాయికి తీసుకున్నాను. కొడుకు లారీమీద తిరిగేవాడు. ఇంట్లో ఉండేది అవ్వ, కోడలు. కోడలికి అప్పుడు ఐదో నెల.

పీహెచ్‌డీ కోసం నేను ఎంచుకున్నది కుట్టని దోమల్ని. జనం దోమలనే అంటారుగానీ అవి దోమలు కావు. నిజాంసాగర్ నీళ్లు వదిలారంటే చాలు, పొద్దుగూకే వేళకు దీపాల చుట్టూ గుంపులు కట్టేవి. ఎవరైనా చేత్తో చరిస్తే నాకు ఒళ్లు మండేది. "ఎందుకు చంపుతరు? దానికి కుట్టే ముల్లే లేదు!" అని దారినపోయేవాళ్లతోనూ జగడం పెట్టుకునేదాన్ని. వాలినప్పుడు దోమ వెనక కాళ్లు ఎత్తుతుంది, ఇది ముందు కాళ్లు ఎత్తుతుంది. మగదానికి ఈకల్లాంటి మీసాలు. ఇంతవరకు ఎవరైనా పోల్చుకుంటారు.

అసలు తంటా తర్వాతే. పైకి అన్నీ ఒకే తీరు. ఏ జాతో తేల్చాలంటే మగదాని తోక చివర మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. పిల్లపురుగైతే తలను కాస్టిక్‌లో నానబెట్టి నోటి కింది పళ్ల వరుస చూడాలి. ఈ పిల్ల ఆ పెద్దదే అవుతుందని రుజువు చేయాలంటే ఒక్కోదాన్ని ఒక్కో సీసాలో పెంచి, విడిచిన పొట్టునూ రెక్కలొచ్చినదాన్నీ ఒకే నంబరు కింద దాచాలి. సీసాల్లో పెట్టినవి చాలావరకు చచ్చిపోయేవి.

అవ్వ పెరట్లో సిమెంటు హౌజు ఉండేది. నల్లా నీళ్లు అందులోనే పట్టుకునేవాళ్లు. దాని అడుగు మూలల్లో పేరుకున్న బురదలో, సన్నని మట్టి గొట్టాలు కట్టుకుని ఎర్రటి పిల్లపురుగులు ఉండేవి. ఒకదాని పళ్ల వరుస చూశాక నాకు కాళ్లు నేలమీద ఆగలేదు. అలాంటిది కాలువలో దొరకలేదు, పొలాల్లో దొరకలేదు, రుద్రూర్ దాకా పోయి తెచ్చిన బురదలోనూ లేదు.

అయితే శుక్రవారం వచ్చిందంటే ఆ వీధిలో హౌజులన్నీ ఖాళీ చేసి, కొబ్బరి పీచుతో తోమి, ఎండబెట్టేవాళ్లు. మలేరియా శాఖ ఆయన ఇల్లిల్లూ తిరిగి నేర్పిన అలవాటు అది. సీసాల్లో చచ్చినవాటి బదులు మళ్లీ తెచ్చుకుందామంటే, హౌజులోవి ఎదిగేలోపే శుక్రవారం వచ్చేది. చివరికి అవ్వను అడిగాను.

"అవ్వా, ఒక్క నెల హౌజు కడగకుండ్రి."

"ఎట్ల బిడ్డా? దోమలైతయంటడు గా మలేరియా సారు."

"గివి కుట్టయి అవ్వా. చదువుకున్నదాన్ని చెప్తున్న, నమ్మవా?"

నమ్మింది. ఆ శుక్రవారం ఆయన వస్తే వాకిట్లోనే ఆపింది. "మా మేడం చూసింది. గవి కుట్టయంట. నువ్వేంది, మేడం కంటె ఎక్కువ చదివినవా?" పాపం, ఆయన పక్కింటికి వెళ్లిపోయాడు. నేను గదిలోంచి విని మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపిస్తుంది.

నాలుగో వారంలో సీసాలో మగపురుగు రెక్కలు విప్పింది. రెండ్రోజులకు కోడలికి చలిజ్వరం వచ్చింది. మలేరియా ఆయనే వేలు గుచ్చి, గాజుపలకమీద రక్తం చుక్క తీసుకుపోయాడు. మలేరియానే అని తేలింది. నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. మనిషి దక్కింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

మరునాడు మలేరియా ఆయన తెల్లటి గిన్నెతో వచ్చి హౌజు పైనుంచి నీళ్లు తీశాడు. "మేడం, జర గిటు చూడుండ్రి."

నీటి పైపొరకు ఆనుకుని, అడ్డంగా పడుకుని ఉన్నాయి. మైక్రోస్కోపు అక్కర్లేదు. మలేరియా దోమ పిల్లలు. ఫస్టియర్ పిల్లలకు బోర్డుమీద నేనే గీసి చూపించే బొమ్మ. నెల రోజులూ చెయ్యి మోచేతిదాకా ముంచి అడుగు బురద తీశాను. పైన ఏముందో ఒక్కసారీ చూడలేదు. అడుగున ఉన్నవాటి గురించి చెప్పాల్సిన మాట హౌజంతటికీ చెప్పేశాను.

"గీ హౌజుల దోమే కుట్టిందని చెప్పలేం మేడం, వాడంత ఉన్నయి," అన్నాడాయన. నాకు ధైర్యం చెప్పాలనే అన్నాడు. అక్కడ ఉండలేక లోపలికి పోయాను.

సాయంత్రం అవ్వతో చెప్పాను, తప్పు నాదేనని. ఆమె హౌజు తోముతున్నది తోముతూనే, "కుట్టయంటివి గద బిడ్డా," అంది. తిట్టలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు. నాకే ఆమె ముందు మొహం చెల్లక, పొద్దున్నే కాలేజీకి పోయి దీపాలు పెట్టాక వచ్చేదాన్ని.

వారం తర్వాత కోడలిని ఇంటికి తెచ్చారు. పోయి మంచం పక్కన కూర్చున్నాను. ఆమే అడిగింది.

"మేడం, మీ పురుగులు ఎదిగినయా?"

ఆ గొంతులో కోపం ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది.

"ఎదిగినయమ్మా," అన్నాను.

"మంచిగైంది," అని కొంగు మొహంమీదికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది.