ఐదో కుంచం

1936 జూలై ఆరో తేదీ, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మా నాన్నగారు బడి గోడ మీద కాలవ గీయడం మొదలుపెట్టారు. ఆయన జేబుగడియారం బల్ల మీద ఉంది, నేను దానికి ఎదురుగా కూర్చున్నాను, కనుక నిమిషాలతో సహా చెప్పగలను. ఇప్పుడది ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఆదివారం మా మనవడు హాల్లో బోర్లా పడుకుని ఒక పెద్ద చార్టుకు రంగులు వేస్తున్నాడు. కింద అయిదుగురి పేర్లున్నాయి. మిగతా నలుగురూ ఏరని అడిగాను. "వాళ్ళకేం రాదు నానమ్మా. గ్రూప్ వర్క్ కదా, పేర్లు మాత్రం వెయ్యాలి" అన్నాడు. "మీ చిన్నప్పుడు గ్రూపులుండేవా?" అని కూడా అడిగాడు. మాకు పడవలుండేవి అన్నాను. వాడు నవ్వి, తన పేరు కింద ఇంకో గీత గీసుకున్నాడు.

మా బడి గూడూరుకూ బందరుకూ మధ్య కాలవగట్టు మీద ఉండేది. తాటాకు కప్పు, వెల్ల వేసిన మట్టిగోడలు, వానొస్తే మూడుచోట్ల కారే నీళ్ళు. ఆ మూడుచోట్లా మూడు కుండలు పెట్టేవాళ్ళం. పెద్ద కుండ నిండితే బడి వదిలేయాలని పిల్లల పట్టు, కుండ చిల్లిదని నాన్నగారి నిబ్బరం. ఐదో తరగతిలో పదహారుమంది మగపిల్లలు, నేనొక్కదాన్ని ఆడపిల్లను. నాకు పదేళ్ళు. నా చాప వేరు, రిజిస్టరులో నా పేరు అన్నిటికంటే కింద. ముందటేడు ఐదో తరగతి పరీక్షకు పధ్నాలుగుమంది కూర్చుంటే తొమ్మిదిమందే గట్టెక్కారు. ఆ వేసవంతా నాన్నగారు అన్నం ముందు కూర్చుని కూడా ఆ అయిదుగురి గురించే మాట్లాడేవారు. "ముందున్నవాడు పరిగెత్తుతున్నాడు, వెనకున్నవాడు వాణ్ణి చూస్తూ కూర్చుంటున్నాడు. నేనిద్దరికీ ఏమీ నేర్పట్లేదు" అనేవారు. మా అమ్మ పప్పు వడ్డించి, "ముందు తినండి" అనేది.

బడి తెరిచిన సోమవారం ఆయన నీలిమందు సున్నంలో కలిపి, ఆ గోడ మీద మా ఊరి రేవు నుంచి బందరు దాకా కాలవ గీశారు. అటూ ఇటూ ఎర్రమన్నుతో గట్లు, ఆ చివర దీపస్తంభం, దాని వెనక సముద్రం. సముద్రం వచ్చేసరికి మా ఇంట్లో నీలిమందంతా అయిపోయింది. "ఇక మీ పంచెలు ఆ గోడకే ఉతుక్కోండి" అంది అమ్మ. కాలవ మీద ఇరవై నాలుగు లాకులు, అంటే పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి దాటించే తలుపులు, పెట్టారు. అసలు కాలవ మీద అన్ని లేవని మాకందరికీ తెలుసు, కానీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎందుకంటే వానాకాలం మధ్యాహ్నాలు తలుపులోంచి వచ్చే వెలుగు బయటి కాలవనీళ్ళ మీద పడి, అక్కణ్ణించి గోడ మీదికెక్కి ఆడేది. అప్పుడు గోడ మీది నీళ్ళు నిజంగా కదిలేవి. పద్దెక్కాలు చదువుతూ చదువుతూ నేను ఎన్నిసార్లు ఆ నీళ్ళలో బందరు దాకా వెళ్ళి వచ్చానో, ఆ ఒక్క లెక్కా నా దగ్గర లేదు.

పాత పంచాంగం అట్టలతో నాలుగు పడవలు కత్తిరించి తుమ్మముళ్ళతో గోడకు గుచ్చారు. గరుడ, కొంగ, చేప, తాబేలు. పడవకు నలుగురు. పాఠానికొక లాకు. నలుగురికి నలుగురూ ఒప్పజెపితేనే లాకు తెరుచుకుంటుంది, ముగ్గురికి వచ్చి ఒకడికి రాకపోతే పడవ ఉన్నచోటే ఉంటుంది. అన్నిటికంటే వింత ఏమిటంటే, చుక్కాని తెలివైనవాడికివ్వలేదు. నలుగురిలో ఎవడికి చదువు కష్టమో వాడికిచ్చారు. కరణంగారి భార్య దీనికి మా ఇంటికే వచ్చింది. "మా మనవడికి వచ్చింది చాలక పక్కవాడి చదువు కూడా వీడే చదవాలా మేష్టారూ?" అంది. "వాడికి వచ్చిందో లేదో పక్కవాడికి చెప్పినప్పుడు తెలుస్తుందమ్మా" అన్నారు నాన్నగారు. ఆవిడకు ఆ మాట నచ్చలేదు గాని మజ్జిగ తాగి వెళ్ళింది.

బందరుకు ధాన్యం తీసుకెళ్ళే పడవ సరంగు ఒకాయన నాన్నగారికి బాగా ఎరుక. గోడ మీద ముందుగా బందరు చేరిన పడవలోని నలుగురినీ నిజం పడవలో నిజం బందరుకు తీసుకెళ్ళి, సముద్రం చూపించి తీసుకొస్తానని మాటిచ్చాడు. తొమ్మిది మైళ్ళ దూరంలో ఉన్న సముద్రాన్ని ఆ పదహారుమందిలో ఒక్కడూ చూడలేదు. నేనూ చూడలేదు. పద్దుపుస్తకం రాసే పని నాదే కనుక నాన్నగారు నాకు వేరే షరతు పెట్టారు. ఏ పాఠం ఎవరు ఏ రోజు ఒప్పజెప్పారో పందెం ముగిసేదాకా ఒక్క కొట్టివేత లేకుండా రాస్తే, నన్నూ తీసుకెళ్తారు.

తాబేలు పడవ గురించి చెప్పాలి. అందులో కరణంగారి మనవడు ఉన్నాడు. లెక్కల్లో పిడుగు, నోరు అంతకంటే పిడుగు. సాలె పేటనుంచి వచ్చే పిల్లాడొకడు, మాట్లాడేది తక్కువ. పాలెంలో చర్చి ప్రార్థనలు చెప్పే ఆయన కొడుకొకడు, గొంతు బాగుండేది. చుక్కాని పట్టినవాడు ఒక కౌలుదారు కొడుకు. అందరికంటే రెండేళ్ళు పెద్ద, నాన్నగారు కూర్చుని ఉండగానే కుర్చీ ఎత్తి పక్కన పెట్టగలడు. అక్షరాలు మాత్రం వాడి చేతిలో బర్రెదూడల్లా నాలుగువైపులా పోయేవి. మొదటి నెలలో తాబేలు నిజంగా తాబేలే. తక్కిన మూడు పడవలూ నాలుగో లాకు దాటితే అది రేవులోనే ఉంది. "ఒరే, తాడు కట్టి లాగినా నువ్వు కదలవురా" అనేవాడు కరణంగారి మనవడు. "నువ్వు లాగు, కదుల్తానో లేదో చూద్దాం" అని వీడు నేల మీద చతికిలబడేవాడు. బక్కగా ఉండే కరణంగారి మనవడు చెయ్యి పట్టి లాగి లాగి వెల్లకిలా పడేవాడు. బడంతా నవ్వేది, నాన్నగారు గోడవైపు తిరిగి నవ్వేవారు.

తరవాత వాళ్ళు ఉపాయాలు పట్టారు. పాలెం పిల్లాడు పదమూడో ఎక్కం నుంచి పందొమ్మిదో ఎక్కం దాకా ఆదివారం పాటల వరసలో కట్టాడు. చుక్కానివాడు నాగలి వెనక నడుస్తూ అవి పాడేవాడు, పాలెంలో ముసలమ్మలు ఇదేదో కొత్త కీర్తన అనుకుని తలలూపేవారట. సాలె పిల్లాడు నూలుతాడుకు పదులకొక ముడి, వందలకొక రంగు పోగు వేసి తెచ్చాడు, వేళ్ళతో తడుముతూ కూడికలు చేయడానికి. కరణంగారి మనవడు బోదెగట్టు మీద కూర్చుని, నారు తీస్తున్నవాడికి భూగోళం అరిచి చెప్పేవాడు. "హిందూ మహాసముద్రం ఎటువైపురా?" అంటే వాడు మోకాటిలోతు బురదలోంచి నారుకట్ట ఎత్తి దక్షిణం చూపించేవాడు. దీపావళికి తాబేలు పదకొండో లాకు దగ్గరుంది. సంవత్సరం మారేసరికి కొంగనూ గరుడనూ దాటింది. ఫిబ్రవరి నాలుగోవారానికి చేప, తాబేలు రెండూ ఇరవై మూడు లాకులు దాటి ఆఖరి లాకు ముందు పక్కపక్కన నిలిచాయి. మార్చి ఒకటి, సోమవారం, పది గంటలు గడువు. అప్పటికి ఎవరు దాటితే వాళ్ళది పడవ.

ఫిబ్రవరి ఇరవై అయిదు, గురువారం. చేప పడవలో ఒకడికి గవదబిళ్ళలు, వాడు బడికి రాలేదు. తాబేలువాళ్ళు ఆఖరి పాఠం ఒప్పజెపుతామన్నారు. నాన్నగారు నాలుగో తరగతికి పద్యం చెబుతూ, ప్రశ్నల కాగితం నాకిచ్చి వాళ్ళను అడగమన్నారు. అది కొలతల పాఠం. ఆయన ప్రశ్నలు పుస్తకంలో ఉన్నట్టు అడగరు, ఊళ్ళో చూసేదాన్ని బట్టి రాసుకుంటారు. నలుగురికీ వేరువేరు ప్రశ్నలు. ముగ్గురూ చెప్పేశారు. చుక్కానివాడి ప్రశ్న ఇది: మన కళ్ళంలో ఒక పుట్టి ధాన్యం కొలవాలంటే కుంచం ఎన్నిసార్లు ముంచాలి?

"నూరుసార్లండి అమ్మాయిగారూ" అన్నాడు.

పుస్తకంలో తూముకు నాలుగు కుంచాలు, పుట్టికి ఇరవై తూములు. ఎనభై. నేను ఇంకోసారి ఆలోచించుకోమన్నాను. వాడు వేళ్ళు కూడా ముడవకుండా, "నూరేనండి. ఆ పనికి పోయినోణ్ణి, నాకు తెలవదా?" అన్నాడు. కరణంగారి మనవడు నెత్తి కొట్టుకున్నాడు. "ఒరేయ్, ఎనభైరా! నిన్న సాయంత్రం కూడా చెప్పావు గదరా!" "అది పుస్తకంలోదిరా. అమ్మాయిగారు కళ్ళం అన్నారు" అన్నాడు వీడు. నేను సున్నా చుట్టాను. గుండ్రంగా, పొందికగా చుట్టాను. మళ్ళీ అడగడం సోమవారం గడువు దాటాకే, ఎందుకంటే ఒక పాఠం తప్పితే మూడు బడి రోజులు ఆగాలన్నది నిబంధన, ఆ నిబంధన నాకు మిగతా అందరికంటే బాగా తెలుసు.

శనివారం సాయంత్రం అమ్మ ఆవుకు గడ్డి మాట్లాడటానికి కళ్ళానికి వెళ్తూ నన్ను వెంట తీసుకెళ్ళింది. నూర్పులు అయిపోయి ధాన్యం రాశి పోసి ఉంది. ఎండ పల్చబడి, పొట్టు గాలిలో లేచి బంగారు పొగలా తేలుతోంది. భూమిగల ఆసామికి వెళ్ళే ధాన్యం కొలుస్తున్నారు. కొలిచే మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు సగం మూసుకుని, పాటలాగా లెక్కపెడుతున్నాడు. "లాభం... రెండు... మూడు... నాలుగు..." లాభమంటే ఒకటి. కళ్ళంలో ఒకటి అనరు. నాలుగు తరవాత ఇంకో కుంచం ముంచి, అంకె చెప్పకుండా "తాలు" అని పోశాడు. అప్పుడు ఒక గడ్డిపరక పక్కన పెట్టాడు. మళ్ళీ లాభం. తాలుగింజల కింద తరుగని ఆ ఐదో కుంచం లెక్కలోకి రాదు. పక్కన చుక్కానివాడి తండ్రి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు లెక్కపెట్టకుండా ఉండటం చేతకాదు. ఇరవై పరకలయ్యేసరికి కుంచం నూరుసార్లు మునిగింది. అప్పుడు సాయంత్రం అయిదున్నర.

ఇంటికి వెళ్ళే దారిలోనే చెప్పవచ్చు. నాన్నగారు అరుగు మీదే కూర్చుని ఉన్నారు. కానీ చెబితే సున్నా కొట్టేయాలి. ఎనిమిది నెలలు, నాలుగు పడవలు, ఒక్క కొట్టివేత లేదు. కొట్టేస్తే నా సముద్రం పోతుంది. ఆదివారమంతా పద్దుపుస్తకం తెరిచి ఆ సున్నాను చూశాను. కొంచెం సేపటికి అది పడవ కిటికీలా, అందులోంచి నీళ్ళు కనపడుతున్నట్టు అనిపించింది. సోమవారం తొమ్మిదింబావుకు చేప పడవ పిల్లాడు బుగ్గలకు గుడ్డ కట్టుకుని వచ్చి, నొప్పితో మూలుగుతూ, తన ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పాడు. వాణ్ణి తప్పు పట్టడానికేమీ లేదు. పది గంటలకు చేప బందరు చేరింది. చుక్కానివాడు తన ముగ్గురి వైపూ చూసి, "నా మూలానేరా" అన్నాడు.

మంగళవారం తెల్లవారగానే బయల్దేరాం. అంత మెత్తని ప్రయాణం నేను మళ్ళీ చేయలేదు. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని నడుస్తుంటే, చెట్లు మా కోసం పక్కకు తప్పుకుంటున్నట్టు జరిగేవి. నీటికోళ్ళు, తూటాకు పూలు, బట్టలుతికే చప్పుడు, పొగమంచులోంచి ఎవరిదో దగ్గు. గోడ మీద చూసిన నీలమే, ఇప్పుడు చేతికి తడిగా తగులుతోంది. ఒక లాకు దగ్గర వెనక తలుపులు మూశారు. నీళ్ళు వదిలారు. పడవ మెల్లగా దిగింది, రెండుపక్కలా నాచుపట్టిన గోడలు పైకి పెరిగాయి, ఆకాశం సన్నబడింది. అక్కడ నాన్నగారికి చెప్పేశాను.

"ఎప్పుడు తెలిసింది?"

"శనివారం సాయంత్రం అయిదున్నరకు."

"శనివారం చెప్పి ఉంటే అది దిద్దుబాటమ్మా. ఇవాళ చెబితే కబురు." తరవాత తన తప్పు కూడా చెప్పారు. "కళ్ళం అని రాసింది నేను. కళ్ళం చూడకుండా రాశాను." పుస్తకం నా సంచిలోనే ఉంది. "కొట్టెయ్. చెరపకు. కొట్టేసింది కనపడాలి" అన్నారు. పడవ అడుగున కూర్చుని కొట్టేశాను. ముందు తలుపులు తెరుచుకున్నాయి.

సముద్రం చూశాను. బురదరంగుగా ఉంది. చాలా దూరంగా ఓడలు ఒడ్డుకు రాలేక ఎక్కడో నిలబడి ఉన్నాయి. ఎన్ని ఓడలో లెక్కపెట్టలేదు.

బుధవారం బడిలో అందరి ముందూ నిలబడి చెప్పాను. నాన్నగారు తాబేలును తీసి దీపస్తంభం పక్కన గుచ్చారు. కరణంగారి మనవడు, "నూటికి సున్నా చుట్టిన చెయ్యి అదేనా? ఏదీ, చూపించు" అన్నాడు. చుక్కానివాడు వాడి నెత్తిన ఒకటి మొట్టి, "పోనీలెండి అమ్మాయిగారూ, సముద్రం ఎక్కడికి పోద్ది? అక్కడే ఉంటది గదా" అన్నాడు. వెంటనే ఇంకో ప్రయాణం పెట్టుకుందామంటే సరంగుకు ధాన్యం మోతలు. ఏప్రిల్లో నీళ్ళాపి కాలవలు కట్టేశారు. జూన్‌లో నీళ్ళు వదిలినప్పుడు తప్పకుండా వెళ్దామనుకున్నాం.

ఆ ఏడు పదహారుమందికి పదహారుమందీ, వాళ్ళతో నేనూ గట్టెక్కాం. జూన్‌లో నీళ్ళూ వచ్చాయి. అప్పటికి నాన్నగారికి దివిసీమలో కోడూరుకు బదిలీ అయింది. కరణంగారి మనవడు గుడివాడలో మేనత్త ఇంట్లో ఉండి హైస్కూల్లో చేరాడు. పాలెం పిల్లాడు బందరులో హాస్టలుకు వెళ్ళాడు, సాలె కుటుంబం పెడనకు వెళ్ళిపోయింది. చుక్కానివాడు ఊళ్ళోనే ఉన్నాడు. కొత్తగా వచ్చిన మేష్టారు గోడకు వెల్ల వేయించారు. 1943లో కరణంగారి మనవడు రాసిన ఉత్తరం ఒకటి నా దగ్గరుంది. నూర్పుల వేళకు నలుగురూ ఎవరి దారిన వాళ్ళు ఊరికి చేరి, కళ్ళంలో వరసగా నిలబడి, ఐదో కుంచానికి కూడా అంకె చెప్పి కొలవమన్నారట. కొలిచేవాళ్ళు మొదట నవ్వారట. పాలెం పిల్లాడు గొంతెత్తి "అయిదు" అన్నాక తక్కిన ముగ్గురూ అందుకున్నారట. ఆ ఏడు తాలు అనే మాట వినపడలేదని రాశాడు.

మనవడికి ఇదంతా చెప్పాను. చార్టు అలాగే వదిలేసి, ఫోను దగ్గరికి వెళ్ళి ఎవరితోనో "రేపు మీరందరూ మా ఇంటికి రండిరా" అన్నాడు. వస్తారో రారో తెలియదు. కాలం కూడా లాకులోని నీళ్ళలాంటిదే అనిపిస్తుంది నాకు. అందులో కూర్చున్నంతసేపూ మనం దిగుతున్నట్టు తెలియదు, గోడలు పెరుగుతున్నట్టే ఉంటుంది.

పోయినవి: సరైన జవాబు ఒకటి. నలభై గంటల ముప్పై నిమిషాలు. నలుగురు పిల్లలు ఒకే పడవలో కూర్చుని వెళ్ళవలసిన కాలవ, తొమ్మిది మైళ్ళు.