పరిగెల డబ్బాలో కారం చెయ్యి

వాలుగ చేపకు బతికున్న ఎర కట్టడం నాకు మా బాబాయే నేర్పాడు. ఇంట్లో ఎవరితోనూ పది మాటలు మాట్లాడని నేను, పక్క వాటాలో ఉండే ఆయన దగ్గర కూర్చుంటే మాత్రం ఏదో ఒకటి అడుగుతూనే ఉండేదాన్ని. వేలెడంత పరిగె చేపను తడిచేత్తో పట్టుకోవాలి. వీపు మీది రెక్కకు కాస్త కింద గాలం గుచ్చాలి. లోతుగా దిగితే వెన్నుకు తగిలి చచ్చిపోతుంది. పైపైన గుచ్చితే విసిరినప్పుడు ఊడిపోతుంది. వాలుగ పళ్లు దారాన్ని కోసేస్తాయి కాబట్టి గాలానికి జానెడు ఇనుప తీగ కట్టాలి. ఇవన్నీ బొమ్మలతో సహా డైరీలో రాసుకున్నాను.

ఈ వేసవి మొదట్లో సాగర్ కాలువకు నీళ్లు ఆపేశారు. చేపలన్నీ తూము దగ్గరి మడుగులో చేరాయి. ఆదివారం స్నేహితులతో వెళ్తూ నన్నూ తీసుకెళ్తానన్నాడు బాబాయి. వాళ్లు ఆడపిల్లను వెంట తీసుకెళ్లడం అదే మొదటిసారి అయ్యేది.

"ఎర నువ్వే కట్టాలి. నాకన్నా నీ చెయ్యే తేలిక," అన్నాడు.

మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులవి. కాయలు ముట్టుకున్న చేతులు సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. ఆ చెయ్యి నీళ్లలో పెడితే పరిగెలు బతకవు. అందుకని తలనొప్పని అమ్మకు అబద్ధం చెప్పి, రెండు రోజులు కల్లం వైపే వెళ్లలేదు. పాత పెయింటు డబ్బాలో పరిగెలు పోసి, పూటపూటకూ నీళ్లు మార్చాను.

ఆదివారం పొద్దున బాబాయి కల్లంలో కాయలు తిరగేసి, నేరుగా డబ్బా దగ్గరికి వచ్చాడు. మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టాడు.

"బాబాయ్, చేతులు..." అన్నాను.

"తుడుచుకున్నాలేవే," అని భుజం మీది తువ్వాలు చూపించాడు. ఆ తువ్వాలూ కల్లంలోదే.

కాసేపటికి ఒక్కొక్కటే తేలాయి. నేను నీళ్లు మార్చేలోపే అన్నీ పొట్టలు పైకి తిప్పేశాయి. అప్పుడే ఆయన స్నేహితులిద్దరూ బండి మీద దిగారు. ఒకాయన డబ్బాలోకి వంగి చూశాడు.

"ఏరా, వాలుగలకి దినం భోజనం పెడుతున్నావా ఏంది? ఎవరి పనిరా ఇది?"

బాబాయి నా వైపు చూశాడు. ఎవరి పనో ఆయనకు తెలుసని ఆ చూపులోనే తెలిసింది.

"మా పిల్లేరా. కారం చెయ్యి పెట్టింది. ఎన్నిసార్లు చెప్పినా వినదు."

"ఆడపిల్లకి అప్పజెబితే ఇట్టాగే ఉంటది. వానపాములు తవ్వుకుందాం, పద," అన్నాడు రెండో ఆయన.

ముగ్గురూ నవ్వారు. నా చేతులు వాసన చూడండి అనాలనిపించింది.

"నువ్వుండు. ఇంకోసారి వద్దువుగాని," అన్నాడు బాబాయి, నా ముఖం చూడకుండా బండెక్కుతూ.

'బాబాయి అబద్ధం చెప్పాడు' అని డైరీలో రాసి, ఎవరైనా చూస్తారని కొట్టేశాను. సాయంత్రం ఆయన వాలుగ నడుం ముక్కలు తెచ్చి అమ్మ చేతికిచ్చాడు. "పిల్లకి పెట్టు వదినా," అన్నాడు. నేను మజ్జిగన్నం తిన్నాను.

మరుసటి ఆదివారం కొత్త పరిగెలతో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. రెండు రోజులుగా ఆయనా కల్లం వైపు వెళ్లలేదు, చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చాడు.

"రావే, ఎర కడుదువుగాని. ఈసారి మనిద్దరమే."

"నాకు రాదు బాబాయ్."

"రాకపోవడమేంటే? నేర్పింది నేనేగా!"

"మర్చిపోయాను."

ఆయన డబ్బా పట్టుకుని తన వాకిట్లోకి వెళ్లిపోయాడు.