పలుగు దెబ్బ

పాము పగ అంటారు గానీ, మా వదిన పగ ముందు పాము ఏపాటిది? ఇది పొగడ్తే. ఆడపడుచునైన నేనే పొగుడుతున్నానంటే నమ్మాలి మరి.

వదినది దర్జీ పని. వీధి మొదట్లో ఒక్క గది, కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకు మేకులు, మేకులకు జాకెట్లు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది. అయినా ఒక్క మాటా నలగదు.

వదిన తల్లికి ఊరి చివర చిన్న పొలం ఉండేది. ఒక ఎండాకాలం ఆ పెద్దావిడ గట్టు వేయడానికి తవ్వుతుంటే పలుగు దేనికో తగిలి టక్కుమంది. మట్టి తీసి చూస్తే చిన్నపిల్ల పుర్రె, నుదుటి మీద పగులు. ఆవిడ అక్కడే కూలబడిపోయింది. తన పలుగే ఆ పసిదాని తల పగలగొట్టిందని ఆవిడ బాధ. ఎప్పుడో చచ్చినవాళ్లకి ఇప్పుడు దెబ్బేమిటని ఎవరెంత చెప్పినా చెవికెక్కలేదు.

కబురందుకుని తవ్వకాల ఆఫీసరు మనుషులతో దిగాడు. రోజంతా బ్రష్షుతో మట్టి దులుపుతాడని ఆయనకు బ్రష్షు దొర అని పేరు పెట్టాం. పొలంలో సగం తవ్వాడు. కుండలు, పూసలు, వందల ఏళ్ల నాటి ఎముకలు దొరికాయి. వాటిని పెట్టుకోవడానికి గుడ్డసంచులు కుట్టిచ్చింది వదినే. ఆ పిల్లని దూదిలో చుట్టి సంచిలో పెట్టాక మూతి కూడా తనే కుట్టింది, ఎర్రదారంతో, చివర తన మామూలు జంటముడి వేసి.

ఆ పగులు తన పలుగు వల్లేనా అని పెద్దావిడ ఆఫీసరును అడిగింది. "అన్నీ చూసి రిపోర్టులో రాస్తామమ్మా," అని ఆయన జీపెక్కాడు.

రిపోర్టు వచ్చింది, పట్నంలో. వదిన పని మానుకుని బస్సెక్కి వెళ్తే, అది పరిశోధకులకేనన్నారు. కాళ్లావేళ్లా పడితే గాజు బీరువాలో దాని అట్ట చూపించారు. రాసింది కూడా మనకు రాని భాషలో. మళ్లీ వెళ్తే రేపు రమ్మన్నారు, తీరా వెళ్తే గుమస్తా సెలవు. మా పొలంలో దొరికిందేమిటో మాకు చెప్పడానికి వాళ్లకేం పోయేకాలం? పెద్దావిడ మళ్లీ పలుగు ముట్టలేదు. దాని తల నేనే పగలగొట్టానే అని అంటూ అంటూనే పోయింది. ఆ రోజు వదిన ఏడవలేదు. ఎప్పటికైనా ఆ బ్రష్షు దొర తన గుమ్మం తొక్కకపోడని, అప్పుడు చూస్తానని మాత్రం నాతో అంది.

తొక్కాడు. మిగతా సగం తవ్వితే గానీ ఆయన పరిశోధన పూర్తికాదట, రిటైరయ్యేలోగా కావాలట. పొలం ఇప్పుడు వదినది, సంతకం పెట్టాల్సింది తను. నోట్లో సూదులు తీయకుండానే రేపు రమ్మంది. మర్నాడు జాకెట్లు అర్జెంటంది. ఆ మర్నాడు ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, తాపీగా పక్కింటావిడ కొలతలు తీసుకుంది. ఆయన చెమటలు తుడుచుకుంటుంటే నాకు కడుపు నిండిపోయింది, దాచుకోవడం ఎందుకు.

చివరికి షరతులు చెప్పింది. పాత సగంలో ఏం దొరికిందో బడి గదిలో ఊరందరి ముందు, అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. రిపోర్టు మన భాషలో రాయించి బడిలోనే ఉంచాలి. దొరికినవాటిని తెచ్చి చూపించాలి, ముఖ్యంగా ఆ పిల్లని.

గతిలేక అన్నీ చేశాడు. ఊరంతా వచ్చింది. ఈ నేల మీద మనకంటే ముందు ఎవరుండేవారో, ఏ గింజలు పండించారో చెబుతుంటే, ఎక్కడ కూర్చుంటే అక్కడ గురకపెట్టే మా ఆయన కూడా కళ్లు విప్పుకుని విన్నాడు. పిల్ల సంగతికొచ్చేసరికి మాత్రం రిపోర్టులో ఒకటే వాక్యం. ఎముకలను పరీక్షించవలసి ఉంది, అంతే. వదిన లేచి సంచి అందుకుంది. మూతికి తన ఎర్రదారం, తన జంటముడి, వేసింది వేసినట్టే ఉన్నాయి.

"అసలు విప్పనేలేదన్నమాట," అంది.

తీరిక దొరకలేదని ఆయన నసిగాడు. వదిన కత్తెర తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇప్పుడు దొరికిందిగా, చూడండి."

ఆయన కుట్టు కత్తిరించి, దూది తీసి, పుర్రెను కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. సూదిలో దారం ఎక్కించినంత సేపు కూడా పట్టలేదు.

"ఇది పలుగు దెబ్బ కాదమ్మా. కొత్త దెబ్బయితే పగులు అంచు తెల్లగా ఉంటుంది. ఇది ఎముక రంగులోనే ఉంది. మట్టి బరువుకి ఎప్పుడో పగిలింది. పలుగు పక్కనున్న కుండకి తగిలుంటుంది. మీ అమ్మగారి తప్పేం లేదు."

నాకైతే ఆయన చొక్కా పట్టుకుని నాలుగు ఉతకాలనిపించింది. ఆయన మాత్రం పెద్ద ఉపకారం చేసినవాడిలా నవ్వి, అనుమతి కాగితం బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి అందించాడు.

వదిన పెన్ను తీసుకుంది.

"ఇప్పుడన్నారు చూడండి, ఆ మాట వెళ్లి మా అమ్మకి చెప్పి రండి," అంది. "అప్పుడు పెడతాను సంతకం."