పురికొసతో కట్టిన బోను

సగం ధరకు ఎలుకల బోను కొట్టేసిన ఘనత నాది. కాటన్‌పేట అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి మరి. "గొళ్ళెం పట్టదు, దేంతోనన్నా కట్టుకోప్పా" అన్నాడు అమ్మినాయన. ఎలుక పడగానే, పొట్లాలు కట్టే పురికొసతో తలుపు బిగించాను. చంపడానికి మనసొప్పక, వర్తూరు చెరువు దగ్గర వదలాలని స్కూటరెక్కాం. బోను, వెనక కూర్చున్న నా భార్య ఒళ్లో ఉంది.

ఫ్లైఓవర్ మీద నా చొక్కాలో ఏదో పాకింది. పురికొసను ఎలుక కొరికేసిందని అప్పుడు తెలిసింది.

"కదలాకండి. మీ మెడ మీద ఉండాది" అంది ఆవిడ.

పక్కన లారీ, వెనక బస్సు. చెయ్యి వదిలితే ఇద్దరం చక్రాల కిందే. చెవికి దాని మీసాలు తగులుతుంటే ఊపిరి బిగబట్టి వంతెన దిగాను. ఆపగానే అది గడ్డిలోకి దూకింది.

బేరంలో మిగిలింది వంద రూపాయలు. దానికి తాకట్టు పెట్టింది ఇద్దరి ప్రాణాలు. ఎలుకదీ కలిపితే మూడు.