డెక్కు మీద మా బావ అడుగు

రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఆ ఓడలో దొరలూ దొరసానులూ సముద్రాలు చూడటానికి తిరిగేవారట. తిన్నది అరగడానికి పొద్దునా సాయంత్రం డెక్కు చుట్టూ నడిచేవారట. మేము ఎక్కేనాటికి దానికి బూడిదరంగు పూసి, బొంబాయి నుంచి ఇరాక్‌లోని బస్రాకు సిపాయిలను చేరవేస్తున్నారు. షోకులన్నీ పోయినా నడక మాత్రం మిగిలింది. రోజూ తెల్లవారగానే లైఫ్‌బెల్టు కట్టుకుని, వరుసలు తీరి, డెక్కు చుట్టూ పది చుట్లు నడవాలి, ఐదు చుట్లు పరుగెత్తాలి. నీళ్ళ కింద శత్రువుల ఓడలు తిరుగుతున్నాయన్న భయంతో ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. బూట్ల చప్పుడొక్కటే వినబడేది.

ఆ చప్పుడు అందరిదీ ఒక్కటిగా పడాలి. మా వరుసలో పడేది కాదు. అందుకు కారణం మా బావ.

మా అక్క మొగుడు తిరుపతిలో డోలీ మోసేవాడు. కొండ మెట్లెక్కలేని ముసలివాళ్ళనూ జబ్బుమనుషులనూ డోలీలో కూర్చోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుని పైకి చేర్చేవాళ్ళు. మా బావది ఎప్పుడూ వెనక భుజమే. ఆ పనిలో మొదట నేర్పేది అడుగు కలపకుండా నడవడం. ముందువాడి కుడికాలు పడినప్పుడు వెనకవాడి ఎడమకాలు పడాలి. ఇద్దరి అడుగూ ఒకటైతే డోలీ ఊగుతుంది, లోపలి మనిషికి కడుపులో తిప్పుతుంది. ఇరవై ఏళ్ళు అలా నడిచిన మనిషిని తీసుకొచ్చి, ముందువాడితో అడుగు కలపమంటే ఎలా కలుస్తుంది?

మా హవల్దారు ఉత్తరాదివాడు. మొదటిరోజు నవ్వాడు. రెండోరోజు తిట్టాడు. మూడోరోజు బావను వరుసలోంచి లాగి, ఒంటరిగా ఇంకో పది చుట్లు పరుగెత్తించాడు. ఒంటరిగా బావ బ్రహ్మాండంగా పరుగెత్తాడు, ఆయాసమన్నదే లేదు. దాంతో హవల్దారుకు అనుమానం బలపడింది. చేతనై కూడా చెయ్యడం లేదంటే తనను ధిక్కరించడమే అనుకున్నాడు. శత్రువులను తప్పించుకుంటూ చుట్టుదారిన పోతున్న ఓడ కరాచీ రేవు చేరేలోగా దారికి రాకపోతే మా ఆఫీసరు దొర ముందు నిలబెట్టి అక్కడే దించేయిస్తానన్నాడు.

దించేస్తే బావకు దిక్కు లేదు. అప్పటికే కొండకు మోటారు రోడ్డు వేస్తున్నారు. రోడ్డు పూర్తయితే డోలీ పిలిచేవాడెవడూ ఉండడని తెలిసే ఆ వయసులో పట్టాళంలో చేరాడు. తిరిగి వెళితే ఆ పనీ ఉండదు, ఈ పనీ ఉండదు. ఆ సంగతి బావకూ తెలుసు, నాకూ తెలుసు.

సాయంత్రాలు పడవలు వేలాడే మూలకు తీసుకెళ్ళి సాధన చేయించేవాణ్ణి. ముందు నేను, వెనక ఆయన.

“నా కాళ్ళు చూడొద్దు బావా, నీ కాళ్ళే చూసుకో.”

“చూస్తానే ఉండా అబ్బోడా. ముందర మనిషుంటే సాలు, కాలు దాని పని అది చేసుకుపోతా ఉండాది. నా మాట దానికి ఇనపడ్లా.”

ఆయనకు చెమటలు పట్టేవి. నాకు ఒళ్ళు మండేది. కొంత ఆయన మీద, ఎక్కువ నా మీద. చిత్తూరులో మెట్రిక్ చదివి పట్టాళంలో గుమాస్తాగా చేరినవాణ్ణి. నాతోపాటు ఇద్దరు గుమాస్తాలు, ఒకడిది కోయంబత్తూరు, ఇంకొకడిది మంగుళూరు. ఒకడి బావ వకీలు, ఇంకొకడి బావ బ్యాంకులో ఉద్యోగి. మా బావకు చిత్తూరు పక్కన మామిడితోటలున్నాయని వాళ్ళకు చెప్పాను. తోటలున్నవాడు మామూలు సిపాయిగా ఎందుకొచ్చాడని వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు.

కరాచీకి ముందురోజు దొర గదిలోకి పిలుపొచ్చింది. దొర మాటలు తెలుగులో, బావ మాటలు ఇంగ్లీషులో చెప్పవలసింది నేనే. గుమాస్తాలిద్దరూ గోడవారగా కాగితాలు రాస్తున్నారు. వాళ్ళకు తెలుగు రాదు, ఇంగ్లీషు బాగా వచ్చు.

కాళ్ళలో నొప్పేమైనా ఉందా, పట్టాళానికి ముందు ఏం పని చేసేవాడు అని దొర నెమ్మదిగానే అడిగాడు. నేను బావకు చెప్పాను. బావ నిటారుగా నిలబడి నాతో అన్నాడు:

“నొప్పేం లేదు. డోలీ మోసేవాణ్ణని చెప్పు. అడుగు కలిస్తే డోలీ ఊగతాది, అందుకని మేము కలపం అని చెప్పు. మరిసిపోయేదానికి ఇంగో వారం గడువియ్యమను. మనిషిని మోయమంటే ఇప్పుడే మోసి సూపిస్తానని చెప్పు.”

గోడవార రెండు కలాలూ ఆగాయి. వాళ్ళు నా వైపే చూస్తున్నారు.

“ఈయన రైతు. మామిడితోటలు చూసుకునేవాడు. నొప్పి లేదంటున్నాడు” అని ఇంగ్లీషులో చెప్పాను.

మరి అడుగెందుకు కలపడం లేదని దొర అడిగాడు. ఆ ప్రశ్న నేను బావను అడగనే లేదు.

“తెలియదంటున్నాడు.”

దొర ఒక్క నిమిషం మా బావ ముఖంలోకి చూశాడు. ఇంకేదైనా చెబుతాడేమోనని ఆగినట్టే అనిపించింది. బావ నా ముఖం చూశాడు. నేను నేల చూశాను. దొర కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. అంత నీచమైన పని నేను అంతకుముందు చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు.

బయటికొచ్చాక బావ అడిగాడు. “అంతా చెప్పినావా?”

“చెప్పినాను.”

“డోలీ సంగతి?”

“అదీ చెప్పినాను బావా.”

“అయితే సరేలే. ఆ దొరకు మన కొండ యాడ తెలుస్తాది.”

మర్నాడు కరాచీలో నలుగురు రోగులతోపాటు ఆయన్నూ దించేశారు. నేను బస్రా వెళ్ళి, యుద్ధం ముగిశాక ఇంటికొచ్చాను. అప్పటికి కొండకు బస్సులు తిరుగుతున్నాయి. బావ రేణిగుంట స్టేషన్లో మూటలు మోస్తున్నాడు. భుజం మునుపటికంటే వంగిపోయింది.

వాళ్ళను చూడటానికి వెళ్ళిన రోజు అక్క ఆయనకంటే ముందు నాకు వడ్డించింది.

“మీ బావ అంతా చెప్పినాడు. దొర ముందర నిలబడి, ఆయన కోసరం ఇంగిలీసులో మాట్లాడినావంట గదా. ఈ వీధిలో అందరికీ చెప్పుకుంటాడు. మావాళ్ళలో ఆయనకు అంత చేసినోడివి నువ్వొక్కడివే.”

పక్కన కూర్చున్న బావ అవునన్నట్టు తలూపాడు. గిన్నెలో ఉన్న ఆ కాస్త నెయ్యి కూడా నాకే వెయ్యమన్నాడు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. తలవంచుకుని తిన్నాను.